ఏడు లేదులు

హిందూపురం,
జూన్ 6, 2024

పెద్దమ్మకు నవీన రాసేది,

కవరు చూసి భయపడొద్దు, ఎవరికీ ఏమీ కాలేదు. నీ ఫోను మగ్గం గుంతలో పడి పగిలి మూడు నెలలైంది. నువ్వేమో పీడ పోయిందని ఊరుకున్నావు. సునీల్ అన్న ఫోనుకు చేస్తే ఆయన చీరల వీడియోలు తీసుకుంటూ ఉంటాడు, మాట నీదాకా రాదు. పైగా నాకు ఇప్పుడు కావలసింది ఫోను కాదు, నీ చేతిరాత.

నేను ఇక్కడ జిమ్ములో ఆడవాళ్ళ పొద్దుటి బ్యాచ్ చూసుకుంటున్నానని నీకు తెలుసు కదా. ఏడాదిన్నరగా చూసి నేర్చుకున్నదే నేర్పిస్తున్నాను. మొన్న ఓనర్ ఈరప్ప గారు పిలిచి, "చూడమ్మా, సెప్టెంబరు నుంచి సర్టిఫికెట్ ఉండే ట్రైనర్లే ఈడ ఉండేది. నువ్వు తెచ్చుకుంటావో లేదో నీ ఇష్టం" అన్నాడు. సెప్టెంబరు ఎనిమిదిన బెంగుళూరులో పరీక్ష. ఎముకలు, కండరాలు, తిండి, అన్నిటి మీదా రాతపరీక్ష ఉంటుంది. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి ఊపిరి ఎలా పోయాలో బొమ్మ మీద చేసి చూపించాలి. వీటితోపాటు ఒక ఫైలు ఇవ్వాలి. నలభై దాటిన ఒక మనిషికి పన్నెండు వారాలు శిక్షణ ఇచ్చి, కొన్నాళ్ళకోసారి ఎలా ఉందో ఆ మనిషి చేతే రాయించి అందులో పెట్టాలి.

నా బ్యాచ్‌లో రాసేవాళ్ళు ఎవరున్నారు? అంగడి ఉమాదేవి గారు రెండు వారాలు వస్తారు, మూడో వారం ఎవరిదో పెళ్ళంటారు. నువ్వు పదో తరగతి చదివావు, యాభై నాలుగేళ్ళు, రోజంతా గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటావు. నీకంటే మంచి క్లయింటు నాకు దొరకదు.

దీంతో ఒక ఫారం పెట్టాను. ఏడు ప్రశ్నలు. ఒక్కోదానికి అవును, లేదు అని రాస్తే చాలు. చేరిన రోజే పోస్టులో వెయ్యి పెద్దమ్మా. పన్నెండు వారాలు లెక్కేస్తే నాకు రెండు రోజులు కూడా మిగలడం లేదు.

నీ
నవీన

*

ధర్మవరం,
జూన్ 11

నవీనకు పెద్దమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. ఉత్తరం మొదట్లో ఇది రాయాలి కాబట్టి రాశాను, చదివేసి ముందుకు పో.

నీ ఫారం నింపాను. గుండె జబ్బు ఉందని డాక్టరు ఎప్పుడైనా చెప్పాడా, లేదు. పని చేసేటప్పుడు ఛాతీలో నొప్పి వస్తుందా, లేదు. ఊరికే ఉన్నప్పుడు వస్తుందా, లేదు. కళ్ళు తిరుగుతాయా, లేదు. కీళ్ళ నొప్పులా, లేదు. మందులు వాడుతున్నావా, లేదు. ఇవి కాక వేరే ఏమైనా ఉందా, అదీ లేదు. ఏడు లేదులు. పదో తరగతిలో కూడా ఇంత తొందరగా పేపరు ఇచ్చి బయటికి రాలేదు.

వీపు లాగుతుంది, అది నేత పని చేసే ప్రతి ఇంట్లోనూ ఉండేదే. దాన్ని జబ్బు అంటే ధర్మవరంలో సగం మందిని ఆసుపత్రిలో పెట్టాలి. అందుకే రాయలేదు.

ఒక మాట నీ కడుపులో పెట్టుకో. సునీల్ నాలుగు మూటల సిమెంటు తెచ్చి వాకిట్లో పెట్టాడు. ముందరి గదిలో గుంత పూడ్చి, నున్నగా గచ్చు చేసి, చీరలు పరిచి వీడియోలు తీసుకుంటాడంట. "నీకు వయసైపోతాండాది, ఇంకెందుకమ్మా మగ్గం" అంటాడు. ఆ గుంత మీ పెదనాన్న హనుమంతు చేతులతో తవ్వింది. ఆయన పోయిన పదోనాడే నేను మళ్ళీ అందులోకి దిగాను, దిగాక గాని నాకు అన్నం సయించలేదు. నేను గట్టిగా ఉన్నన్నాళ్ళు వాడు ఆ మూట విప్పడు. కాబట్టి నీ వ్యాయామాలు పంపు, చేసి వాడికి చూపిస్తాను.

పెద్దమ్మ
అమృతవల్లి

*

హిందూపురం,
జూన్ 17

పెద్దమ్మా,

నీ లేదులు చూసి ఎగిరి గంతేశాను. ఫైలులో మొదటి కాగితం అదే. ఇక నీకు పని మొదలు.

గుంతలో వంగి వంగి నీ తుంటి ముందర కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి, పిర్ర కండరాలు నిద్రపోతూ ఉంటాయి. గంటకోసారి పైకి వచ్చి నిలబడు. కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చో. గోడకు చేతులు పెట్టి పదిసార్లు తోయి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తు. సాయంత్రం ఇరవై నిమిషాలు నడువు. నడిచేటప్పుడు పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ వేగం. ఎంత కష్టంగా ఉందో పదికి ఎన్ని మార్కులో రాయి.

నేను పొద్దున ఐదింటికి జిమ్ము తాళం తీస్తాను. బ్యాచ్ అయ్యాక ట్రెడ్‌మిల్లు పక్కనే నిలబడి చదువుతాను. కూర్చుంటే కాలు ఆడుతూనే ఉంటుంది, అక్షరాలు కదులుతాయి. మనిషి ఒంట్లో రెండువందల ఆరు ఎముకలు ఉన్నాయి, నాకు రాత్రికి నూట యాభై గుర్తుంటే పొద్దునకు తొంభై మిగులుతున్నాయి.

పెనుకొండలో అమ్మకు ఇవేమీ చెప్పొద్దు. నేను ఎప్పటిలాగే ఉన్నానని అనుకోనీ.

నవీన

*

ధర్మవరం,
జూలై 6

నవీనకు,

ఇక్కడ అందరం క్షేమం.

మూడు వారాల ముచ్చట రాస్తున్నాను, ఫైలులో అతికించుకో. కుర్చీ పని రోజూ చేస్తున్నాను. మొదటి వారం పదికి నాలుగు మార్కులు, ఇప్పుడు ఆరు. తగ్గాలి కదా, పెరిగిందేమిటో నాకు తెలియదు, ఎండలు కావచ్చు. గోడ తోస్తుంటే పక్కింటి కుళ్ళాయమ్మ చూసి, "ఏం మే, గోడ పడిపోతాందా?" అంది. మా నవీన చెప్పిన చదువు అన్నాను. పిర్రకు గ్లూటియస్ అనో ఏదో పేరుందని నువ్వు ఒకసారి చెప్పావే, అది చెబితే ఆమె నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. ఇప్పుడు ఇద్దరం తోస్తున్నాం.

నడక మొదటివారం రైల్వే గేటు దాకా పోయి వచ్చాను. ఇప్పుడు సగంలో ఆగుతున్నాను. కుళ్ళాయమ్మ మాట్లాడుతుంది, నేను ఊ కొడతాను. నాకు మాటలు తక్కువ అయ్యాయని ఆమె సంతోషం.

వీపు మీద రెక్కల నడుమ లాగేది కొంచెం పెరిగింది. దారం నాడె విసిరి విసిరి ఎడమ చెయ్యి బరువుగా ఉంటుంది. పెళ్ళిచీర ఒకటి మగ్గం మీద ఉంది, దాని కొంగు పని ఎక్కువ. అది దిగితే తగ్గుతుంది. సునీల్ ముందర నేను చెయ్యి రుద్దుకోను.

పెద్దమ్మ

*

హిందూపురం,
జూలై 13

పెద్దమ్మా,

నీ ఉత్తరం ఈ పరీక్ష కోసం నేను పోయే క్లాసులో చదివి వినిపించాను, గోడ తోసే మాటకు అందరూ నవ్వారు. క్లయింటు దొరికితే ఇలాంటి మనిషి దొరకాలి అన్నారు.

వీపుకు భుజాలు వెనక్కి తిప్పే కదలిక ఒకటి బొమ్మ గీసి పెట్టాను. ఆరు మార్కులంటే ఒళ్ళు పనిలో పడిందని అర్థం, మంచిదే. ఆగకూడదు. ఫైలులో ఎదుగుదల కనపడాలి. ఏడో వారానికి ఎత్తు ఎక్కే పని పెట్టాలి. ఆషాఢం బోనానికి అమ్మ నిన్ను పెనుకొండకు రమ్మంటుంది కదా, వెళ్ళు. అమ్మతో కలిసి కొండ మీద బురుజు దాకా ఎక్కు. ఎంతసేపు పట్టిందో, ఎన్నిసార్లు ఆగావో రాయి.

నీకు ఒకటి దాచాను, ఇప్పుడు చెప్పేస్తున్నాను. ఈ పరీక్ష నేను జనవరిలోనే ఒకసారి రాశాను. తప్పాను. అమ్మతో రాయలేదని చెప్పాను. అప్పుడు కూడా ఫైలులోనే పోయింది. ఉమాదేవి గారు ఆరో వారంలో మానేస్తే మిగతా ఆరు వారాలు నేనే ఊహించి రాశాను, పట్టేసుకున్నారు. ఈసారి కూడా పోతే ఈరప్ప గారు నన్ను పనిలో ఉంచుకోడు. ఇంటికి తిరిగి వచ్చి ఏం చేయాలో ఆలోచిస్తే నాకు ఊపిరాడదు. అందుకే నిన్ను తరుముతున్నాను, తిట్టుకోకు.

నవీన

*

పెనుకొండ,
ఆగస్టు 3

నవీనకు,

ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం.

తప్పిన సంగతి మీ అమ్మ జయమ్మకు చెప్పలేదు. నాకు చెప్పావు, చాలు. నేను కూడా తొమ్మిదిలో ఒకసారి తప్పాను, మా నాయన ఆ ఊసు ఎత్తితే ఇప్పటికీ నాకు కోపమే.

నిన్న కొండ ఎక్కాం. మీ అమ్మ మేకపిల్ల మాదిరి ముందు పోయింది. నేను మూడుచోట్ల ఆగాను. ఊరు చూస్తున్నానని చెప్పాను. నిజంగానే చూశాను, రైలు పోతుంటే చీర అంచులాగా కనిపించింది. బురుజు దాకా పోలేదు. గంట పట్టింది. పదికి తొమ్మిది మార్కులు వేసుకో.

ఒక విచిత్రం రాస్తాను, నీ ఫైలుకు పనికి రాదు, నవ్వుకోవడానికి. ఎక్కేటప్పుడు నాకు పన్ను నొప్పి వస్తోంది. కింది దవడ, ఎడమ పక్క. కూర్చుంటే రెండు నిమిషాల్లో పోతుంది. లేచి నాలుగు అడుగులు ఎక్కితే మళ్ళీ వస్తుంది. నా పన్నుకు కొండ ఎక్కడం ఇష్టం లేదు కాబోలు. ఇంట్లో మగ్గం తొక్కేటప్పుడు కూడా పది దినాలుగా ఇలాగే ఉంది. శుక్రవారం చీర దిగుతుంది, శనివారం పోయి పన్ను పీకించుకుంటాను.

కొండ దిగేటప్పుడు ఒళ్ళంతా చల్లటి చెమట పట్టింది. గాలి బాగుంది కదా మరి ఎందుకో. మీ అమ్మకు చెప్పలేదు, చెబితే సునీల్‌కు ఫోను చేస్తుంది.

పెద్దమ్మ

*

ధర్మవరం, మీ ఇంటి పంచ,
ఆగస్టు 7

పెద్దమ్మా,

నువ్వు లోపల మగ్గం దగ్గర ఉన్నావు, నేను బయట సిమెంటు మూట మీద కూర్చుని రాస్తున్నాను. పొద్దుటి రైలుకు వచ్చాను. నాలుగుసార్లు అడిగాను, నాలుగుసార్లూ "నాకేం రోగం? పన్ను నొప్పికి ఇంత గోల ఏంది మే?" అన్నావు. సునీల్ అన్న వింటున్నాడని గొంతు పెంచి మరీ అన్నావు. నోటితో అడిగితే నువ్వు చెప్పవు. అందుకే రాసి నీ దారం కండెల బుట్టలో పెట్టి మళ్ళీ ఇక్కడికే వస్తాను. చదివేదాకా ఈ పంచ దిగను.

నిన్న నీ ఉత్తరం ఫైలులో అతికించడానికి గమ్ము తీశాను. ఎదురుగా తెరిచి ఉన్న పరీక్ష పుస్తకం పేజీలో, కష్టపడితే వచ్చి, ఆగితే పోయే నొప్పి గురించి ఉంది. అది ఛాతీలోనే ఉండాలని లేదంట. దవడలో, ఎడమ చేతిలో, రెక్కల నడుమ కూడా వస్తుందంట, ఆడవాళ్ళకు ఎక్కువగా అలాగే వస్తుందంట. ఆ పేజీ నేను మూడుసార్లు చదివాను, మార్కుల కోసం. నీ ఉత్తరాలన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివితే అంతా నువ్వే రాసిపెట్టావు. నడక సగానికి ఆగింది, మాట ఊ కొట్టడానికి వచ్చింది, చెయ్యి బరువెక్కింది. నేను దానికి బొమ్మ గీసి పంపి, కొండ ఎక్కమన్నాను.

తప్పు నాది. ఆ ఏడు ప్రశ్నలు పోస్టులో పంపేవి కావు. ఎదురుగా కూర్చుని ఒక్కోటి అడిగి, జవాబు చెప్పేటప్పుడు ముఖం చూడాలి. నలభై ఐదు దాటితే ముందు డాక్టరు కాగితం తెప్పించాలని మా పుస్తకంలోనే ఉంది. రోజులు మిగలవని దాటేశాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. గమ్ము చేతిలో పట్టుకుని, ఇంకో నాలుగు వారాలే కదా, మెల్లగా నడిపించి తరువాత చూపిద్దాం అనుకున్నాను. ఒక్క క్షణమే. ఆ క్షణం గుర్తొస్తే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఫైలులో ఎనిమిదో వారం దగ్గర "శిక్షణ నిలిపివేశాను, డాక్టరు దగ్గరికి పంపుతున్నాను" అని రాసి సంతకం పెట్టాను. నీకు ఏముందో చెప్పడానికి నేను డాక్టరును కాదు. అడగడం, ఆపడం, పంపడం, ఇంతవరకే నా పని. మొదటిది సరిగా చేయలేదు, మిగతా రెండూ చేయనీ. మధ్యాహ్నం అనంతపురం పోదాం. నీ కాళ్ళు పట్టుకుంటాను పెద్దమ్మా.

నవీన

*

(అదే కాగితం వెనక)

చదివాను. ఏడవకు, ముక్కు చీదేది ఇక్కడికి వినపడుతోంది.

కొంగు ఇంకా జానెడు ఉంది, కుళ్ళాయమ్మ కోడలు ఆదిలక్ష్మి నేసి దించుతుంది. నేను వస్తాను. కానీ ఒక మాట ఇవ్వాలి. నేను అక్కడ మంచం మీద ఉండగా ఈ గుంతలో సిమెంటు పడకూడదు. నాకు ఛాతీ గురించి భయం లేదు, తిరిగి వచ్చేసరికి గచ్చు నున్నగా ఉంటుందేమోనని భయం. అందుకే ఆ ఏడూ లేదు అని రాశాను. ఇప్పుడు తెలిసిందా.

ఆటో పిలువు.

*

హిందూపురం,
ఆగస్టు 24

పెద్దమ్మా,

నువ్వు ఇల్లు చేరావని అమ్మ చెప్పింది. ఆసుపత్రిలో నీకు చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను, మన మధ్య దాపరికాలు చాలు. గుండెకు రక్తం పోయే నాళం ఒకటి నూటికి తొంభై వంతులు మూసుకుపోయిందంట. స్టెంటు వేశాక డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "కొండ ఎక్కమన్నది ఎవరు?" అన్నాడు. నేనే అన్నాను. ఆయన అద్దాలు తుడుచుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఫైలు పట్టుకుని బెంగుళూరు పోయాను. పన్నెండు వారాలు లేని ఫైలు తీసుకునేది లేదన్నారు. మాకు క్లాసు చెప్పే సౌమ్య మేడం మంచావిడే, కానీ ఏమందో విను. "ఆపినందుకు మార్కులు లేవు నవీనా. మొదట్లో అడగనందుకు పోయే మార్కులు మాత్రం ఉన్నాయి." మళ్ళీ పరీక్ష జనవరిలో. ఈరప్ప గారు పొద్దుటి బ్యాచ్ రంజిత అనే కొత్త అమ్మాయికి ఇచ్చాడు, ఆమెకు సర్టిఫికెట్ ఉంది. నన్ను వాకిట్లో కూర్చోబెట్టాడు, వచ్చేవాళ్ళ వేలిముద్ర పడిందో లేదో చూడడానికి. లోపల ఆమె లెక్క పెడుతుంటే బయట నా కాలు అదే లెక్కకు ఆడుతుంది. ఉమాదేవి గారు పోతూ పోతూ నా ముఖం చూడకుండా పోతారు.

సునీల్ అన్నకు గుంత గురించి చెప్పాను. ఆసుపత్రి క్యాంటీనులో, నువ్వు లోపల ఉన్నప్పుడు. నీ కాగితం వెనక రాసింది చూపించాను. చాలాసేపు చదివాడు, పది వాక్యాలే కదా. "గుంత కోసం నాకు అబద్ధం చెప్పిందా?" అన్నాడు. తరువాత టీ తాగకుండానే లేచి పోయాడు. మాట ఇచ్చాడా అంటే ఇవ్వలేదు. నువ్వు అడిగిన కాపలా నేను సరిగా కాయలేకపోయానేమో. గుంత ఎలా ఉందో వెంటనే రాయి. పోస్టతను వచ్చే వేళకు నేను జిమ్ము మెట్ల మీదనే నిలబడుతున్నాను.

నవీన

*

ధర్మవరం,
సెప్టెంబరు 19

నవీనకు,

ఆలస్యం చేశాను, కావాలనే. ముందు డాక్టరు కాగితం చేతికి రావాలని ఆగాను. ఈ ఉత్తరంతో పెట్టాను, చూసుకో. వ్యాయామం చేయవచ్చు, మెల్లగా పెంచాలి, నొప్పి వస్తే ఆపాలి అని రాసి సంతకం పెట్టాడు.

సిమెంటు గుంతలోనే పడింది. నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మూడు మూటలు ఖాళీ. వాకిట్లో ఆటో దిగి ఆ ఖాళీ సంచులు చూశాను. సునీల్‌ను దాటుకుని లోపలికి పోయాను. గుంత ఉంది. లోపలికి దిగడానికి రెండు మెట్లు కట్టించాడు, పక్కన పట్టుకోవడానికి ఒక ఇనుప కడ్డీ. ముప్పై ఏళ్ళుగా చేతుల మీద బరువు వేసి దూకేదాన్ని కదా. "దిగేటప్పుడు ఆయాసం రాకూడదని కట్టినా" అన్నాడు. ఒక మెట్టు ఎత్తు, ఒక మెట్టు పొట్టి, వాడి పని అంతే. నేను గుంత గట్టున కూర్చుని ఏడ్చాను. వాడు ఫోను చూసుకుంటున్నట్టు అటు తిరిగాడు. మిగిలిన మూట కుళ్ళాయమ్మ ఇంటికి పోయింది, వాళ్ళ గుంతకు కూడా మెట్లు కావాలంట.

రోజుకు రెండు గంటలే నేత, అది కూడా వచ్చే నెల నుంచి. అంతవరకు కండెలు చుడుతున్నాను. నాకు ఒళ్ళు మండుతోంది, ఊరికే కూర్చోవడం చేతకాదు. నువ్వు ఆ వాకిట్లో ఎలా కూర్చున్నావో నాకు తెలుస్తోంది. జనవరికి ఫైలు కావాలి కదా. ఎనిమిది వారాల కాగితాలు తీసి పక్కన పెట్టు, పారెయ్యకు. ఈసారి నువ్వే ఆదివారం వచ్చి నా ఎదురుగా కూర్చుని అడుగు, సునీల్ కూడా పక్కన ఉంటాడు, నేనే ఉండమన్నాను. అయినా నువ్వు వచ్చేదాకా ఆగలేక రాసేస్తున్నాను.

గుండె జబ్బు ఉందని డాక్టరు చెప్పాడా, అవును. పని చేసేటప్పుడు నొప్పి వచ్చేదా, అవును, దవడలో, చేతిలో, రెక్కల నడుమ, ఉగాది నుంచి. ఊరికే ఉన్నప్పుడు, లేదు, ఇది నిజంగా లేదు. కళ్ళు తిరిగాయా, అవును, కొండ మీద మూడోసారి ఆగినప్పుడు. కీళ్ళు, అవును, కుడి మోకాలు. మందులు, అవును, ఐదు రకాలు, పేర్లు వెనక రాశాను. వేరే ఏమైనా ఉందా, అవును, భయం ఉంది.

ఇక్కడ అందరం క్షేమం అని ఈసారి రాయలేదు, చూశావా. మొదటి వారం అని రాసుకో.

పెద్దమ్మ
అమృతవల్లి